‘అఆ’ల మీద పది మైళ్ళు

హవాయి వెళ్ళొచ్చామని చెప్తే చాలు, మన వాళ్ళందరూ ముందు అడిగేది బీచ్ గురించే. ఫోటోలు చూపించమంటారు. మా ఫోటోల్లో నల్లటి రాళ్ళు, ఆ రాళ్ళ మధ్య తలకి లైటు కట్టుకుని, చేతులకి తోటపని గ్లవ్స్ వేసుకుని నేనూ మా అమ్మాయీ కనిపిస్తాం. “ఇదేం హవాయి?” అని మా పక్కింటావిడ నిజంగానే అడిగింది. ఆవిడకి చెప్పినదే మీకూ చెప్తాను. వెళ్దామనుకునే వాళ్ళకి పనికొస్తుందని కాస్త వివరంగానే రాస్తున్నాను.

మేం వెళ్ళింది హోనొలులు ఉన్న దీవికి కాదు, బిగ్ ఐలాండ్‌కి. అసలు పేరు హవాయే గానీ రాష్ట్రం పేరూ అదే కావడంతో అందరూ బిగ్ ఐలాండ్ అంటారు. మిగతా హవాయి దీవులన్నీ కలిపినా దీనికంటే చిన్నవే. అయిదు అగ్నిపర్వతాలు ఒకదానినొకటి ఒరుసుకుని పెరిగితే ఈ దీవి ఏర్పడింది. వాటిలో చిన్నదీ చురుకైనదీ కిలవేయ. దాని తూర్పు పక్కన పూఊ ఓఓ అనే గుట్ట దగ్గర 1983 జనవరి 3న మొదలైన లావా 2018 దాకా ఆగలేదు. నేను పుట్టి పెరిగి, చదువుకుని, పెళ్ళి చేసుకుని, ఇద్దరు పిల్లల్ని కన్న అన్నేళ్ళూ అది అలా పారుతూనే ఉండేది.

2016 మే నెలలో ఆ గుట్ట పక్క నుంచి కొత్త పాయ ఒకటి పుట్టి కిందికి దిగడం మొదలుపెట్టింది. సుమారు 10 కిలోమీటర్లు నడిచి జులై 26 తెల్లవారుజామున కమోకునా అనే చోట సముద్రంలో కలిసింది. ఆ వార్త చదివిన రోజు నేను మా ఆయనతో, “ఏమండీ, ఈ సెలవులకి ఎక్కడికైనా వెళ్దాం అన్నారు కదా, ఇక్కడికి వెళ్దాం” అన్నాను. రెండు వారాల్లో టిక్కెట్లు దొరకడం కష్టమే. ఎలాగో సంపాదించాం. నడక మాత్రం నాకు కొత్త కాదు. మే నెల నుంచే పిల్లల్ని బడిలో దింపి రోజూ మూడు మైళ్ళు, శనివారాలు ఆరు మైళ్ళు నడుస్తున్నాను. నడక మొదలుపెట్టింది బరువు తగ్గడానికి, పనికొచ్చింది దీనికి.

అమ్మకి ఫోన్ చేసి చెప్తే, “పిల్లని తీసుకుని నిప్పుల్లోకి నడవడం ఏమిటే, నిప్పులగుండం తొక్కుతానని మొక్కుకున్నావా?” అంది.

అమ్మకి తెలియనిది కాదు. నేను బీయస్సీలో జియాలజీ తీసుకున్నాను. రాజమండ్రిలో చదువుకునేటప్పుడు రెండో సంవత్సరంలో మా మేష్టారు మమ్మల్ని గోదావరికి అవతల పంగిడి వైపు ఉన్న నల్లరాతి క్వారీలకి తీసుకెళ్ళారు. “మీరు నిలబడ్డది గడ్డకట్టిన లావా మీద” అని ఆయన అంటే మా అమ్మాయిల గుంపు నవ్వింది. నాకు మాత్రం ఆ మాట మనసులో నాటుకుంది. డిగ్రీ అయిన ఏడాదికే పెళ్ళి, ఆ తర్వాత అమెరికా, డిపెండెంట్ వీసా, పిల్లలు. పన్నెండేళ్ళలో నా చదువుతో పని పడింది మా అమ్మాయి నాలుగో తరగతి సైన్సు ప్రాజెక్టు అప్పుడొక్కసారే.

ప్రయాణంలో ఒక చిక్కు ముందే ఉంది. మా అబ్బాయికి నాలుగేళ్ళు, పిల్లికూతలు వస్తాయి. అగ్నిపర్వతం దగ్గర గంధకం వాయువు ఉంటుంది. అక్కడి వాళ్ళు దాన్ని ‘వాగ్’ అంటారు, అంటే వోల్కనో పొగమంచు. ఉబ్బసం ఉన్న వాళ్ళు, గర్భిణులు, చిన్నపిల్లలు దాని జోలికి పోకూడదు. కాబట్టి మా ఇద్దరిలో ఒకరు హీలోలో వాడి దగ్గర ఉండిపోవాలి. ఎవరు వెళ్ళాలన్న దాని గురించి నేను మాట్లాడలేదు. విమానంలో ఆయనే అన్నారు, “నువ్వు వెళ్ళు. నేను వెళ్తే నిప్పు చూసి వస్తాను. నువ్వయితే ఇంకేదో చూస్తావు.” పదకొండేళ్ళ మా అమ్మాయి నాతో వస్తానని పట్టుబట్టింది. అలా ఇద్దరం బయల్దేరాం.

ముందు రోజు సాయంత్రం నలుగురం నేషనల్ పార్కుకి వెళ్ళాం. ఆ ఆగస్టుకే పార్కుకి వందేళ్ళు నిండాయి. జాగర్ మ్యూజియం ముందు నిలబడితే కిలవేయ శిఖరం మీద హలెమౌమౌ అనే గొయ్యి కనిపించేది. అందులో 2008 నుంచి 2018 దాకా లావా చెరువులా నిలిచి ఉండేది. చీకటి పడ్డాక ఆ పొగ అంతా ఎర్రబడి, కుంపటి మీద కప్పిన పల్చటి గుడ్డలా కనిపించింది. గాలి అవతలి వైపుకి ఉండటంతో అబ్బాయి కూడా కాసేపు చూశాడు. జాగర్ అనే శాస్త్రజ్ఞుడు 1912లో ఇక్కడ పరిశీలన కేంద్రం పెట్టాడు. ఆ కేంద్రం వాళ్ళు రోజూ లావా ఎక్కడుందో రాసి పెడతారు. మేం ఆ రాత్రి అది చదువుకునే పడుకున్నాం.

మర్నాడు మధ్యాహ్నం హీలో నుంచి కారులో ముప్పావు గంట. దారిలో పహోవా అనే చిన్న ఊరు. 2014లో లావా ఆ ఊరి శివారు దాకా వచ్చి, ఒక ఇంటిని కాల్చి, శ్మశానంలోకి పాకి, ఊళ్ళోకి రాకుండా ఆగిపోయింది. ఇంకా ముందుకు వెళ్తే రోడ్డు ఉన్నట్టుండి అయిపోతుంది. అక్కడే కలపాన ఉండేది. కొబ్బరి చెట్లూ నల్ల ఇసుక బీచీ ఉన్న పల్లె. 1990లో లావా నెమ్మదిగా వచ్చి వందకి పైగా ఇళ్ళని మింగేసింది, కైము అనే తీరాన్ని పూర్తిగా పూడ్చేసింది. చెక్కతో కట్టిన పాత చర్చిని ఊరి వాళ్ళు లావా రాకముందే లారీ మీదికి ఎక్కించి తరలించారు. అది ఇప్పటికీ దారి పక్కన ఉంది.

మా గైడు ఆ ఊరావిడే. యాభై దాటి ఉంటాయి. పేరు పెట్టి పిలవబోతే, “ఆంటీ అను చాలు” అంది. హవాయిలో పెద్దవాళ్ళని అందరూ అలాగే పిలుస్తారట. మా అమ్మాయికి భలే సరదా వేసింది. ఇన్నాళ్ళూ ఇండియా వాళ్ళే కనపడ్డ ప్రతి ఒక్కరినీ ఆంటీ అంటారని స్కూల్లో వెక్కిరింపులు పడింది మరి.

ఆంటీ మా సరంజామా అంతా తనిఖీ చేసింది. మనిషికి మూడు లీటర్ల నీళ్ళు. చీలమండలు కప్పే బూట్లు. పొడవు ప్యాంటు. తలకి లైటు, దానికి వేరే బ్యాటరీలు. చేతులకి గ్లవ్స్. గ్లవ్స్ ఎందుకంటే, లావా పైపొర నిజానికి గాజు. తూలి చెయ్యి ఆనిస్తే అరచెయ్యి కోసుకుపోతుంది. తినడానికి నేను పులిహోర, చేగోడీలు పట్టుకెళ్ళాను. నీళ్ళలో కలుపుకోవడానికి ఓఆర్ఎస్ పొట్లాలు కూడా. ఎండలో నాలుగు మైళ్ళ దాకా చెట్టు నీడ అన్నది లేదు, బాత్రూమూ లేదు. ఆడవాళ్ళం కాబట్టి ఆ రెండో సంగతి ముందే తెలుసుకుని వెళ్ళడం మంచిది.

మొదటి నాలుగు మైళ్ళూ కంకర రోడ్డు. లావా మీదే బుల్డోజరుతో చదును చేసి వేసిన అత్యవసర దారి అది. అప్పట్లో సైకిళ్ళు అద్దెకిచ్చేవారు గానీ మేం ఎనిమిది మందిమీ నడిచే వెళ్ళాం. రెండు వైపులా కంటికి ఆనినంత దూరం నలుపు. అది ఒకే నలుపు కాదు. పాతది బూడిద రంగు, దాని కంటే కొత్తది నీలం మెరుపు, ఇంకా కొత్తది కొత్త స్టీలు గిన్నెలా తళతళ. పగుళ్ళలో మొదట మొలిచేది ఫెర్న్. తర్వాత ఓహియా అనే మొక్క, కుంకుమ రంగు కుచ్చులాంటి పూలు. మధ్యమధ్య ఎవరో పాతిన కొబ్బరి మొక్కలు. పోయిన బీచ్ చుట్టూ ఊరి వాళ్ళే మోసుకొచ్చి నాటారట.

దారిలో ఆంటీ రెండు మాటలు నేర్పింది. తాడు పేనినట్టు ముడతలు ముడతలుగా, నున్నగా ఉండేది పాహోయిహోయి. పొడిపొడిగా, ముళ్ళ కుప్పలా పేరుకున్నది అఆ. ప్రపంచమంతటా జియాలజీ పుస్తకాల్లో ఈ రెండు హవాయి మాటలే వాడతారు. నేనూ పరీక్షలో రాశాను, పలకడం మాత్రం అప్పుడే విన్నాను. అఆ అనగానే మా అమ్మాయి, “అమ్మా, మన తెలుగు బడిలో మొదటి పాఠం” అని నవ్వు. ఆ మొదటి పాఠం మీద ఒక వంద గజాలు నడిచాక నవ్వు ఆగిపోయింది. ఒక్కో రాయీ కాలి కింద దొర్లుతుంది, గీరుతుంది. తెలుగు అఆలే సులువు అంది.

మరి ఒకే లావా రెండు రకాలుగా ఎందుకు ఉంటుంది? మాతో వచ్చిన వాళ్ళలో ఒకావిడ అడిగింది. ఆంటీ నన్ను చూపించి, “ఈవిడ చదువుకుంది, చెప్పమనండి” అంది. నేను బెల్లం పాకం సంగతి చెప్పాను. లేత పాకం కారుతుంది, తీగలా సాగుతుంది. ముదురు పాకాన్ని గట్టిగా కలియబెడితే పలుకులు కట్టి విరిగిపోతుంది. లావా కూడా వేడిగా, పల్చగా, నెమ్మదిగా పారితే పాహోయిహోయి. చల్లబడి, చిక్కబడి, వాలులో గబగబా లాక్కుపోతే అఆ. ఇక ఆ తాడు ముడతలంటారా? పాల మీద మీగడని గరిటెతో ఓ పక్కకి నెట్టండి. అలాగే, పైపొర తోలులా కట్టాక కింద లావా ఇంకా పారుతూ దాన్ని నెడుతుంది. అది ముడతలు పడి, అలాగే గట్టిపడిపోతుంది. వాళ్ళకి బెల్లం పాకం తెలియకపోయినా క్యారమెల్ తెలుసు. మా అమ్మాయి నా వైపు కొత్తగా చూసింది.

రోడ్డుని లావా కప్పేసిన చోట నుంచి అసలు నడక. ఆంటీ ముందు, ఆవిడ మేనల్లుడు వెనక. ప్రతి అడుగూ చూసుకుని వెయ్యాలి. కొన్ని చోట్ల పైపొర పెంకులా పల్చగా ఉండి కింద డొల్లగా ఉంటుంది, కాలు వేస్తే కరకరమని కుంగుతుంది. ఇంకో అరగంట నడిచాక బూటు అడుగు నుంచి వెచ్చదనం తెలిసింది. గాలి పొయ్యి తలుపు తీసినట్టు మొహానికి కొట్టింది. ఆంటీ ఆగి చెయ్యెత్తింది. అప్పుడు చూశాం.

నది కాదు, ఫౌంటెన్ కాదు. ఓ చాపంత మేర నల్లటి నేల ఉబ్బి, పగిలి, అందులోంచి ఓ ఎర్రటి బొటనవేలు బయటికి వచ్చింది. అంగుళం అంగుళం పాకి, పక్కకి మరో వేలు వేసింది. చూస్తుండగానే మీద వెండి రంగు పొర, ఆ పొర ముడతలు, ఆపైన నలుపు. పక్కనే ఇంకొకటి. పేలాలు వేగుతున్నట్టు చిటపట శబ్దం. చల్లారుతున్న గాజు పగిలే చప్పుడది. మూడు గజాల దూరంలో నిలబడితే పది సెకన్ల కన్నా ఎక్కువ మొహం పెట్టలేం. ఆ లావా వేడి సుమారు 1150 డిగ్రీల సెల్సియస్. బంగారం 1064 దగ్గరే కరిగిపోతుంది. మన వంటింటి అవెన్ బాగా పెంచినా 260 దాటదు.

నివురుగప్పిన నిప్పు అని మనం మాట వరసకి అంటాం. ఇక్కడ అది అక్షరాలా నిజం. రాయి వేడిని బయటికి తొందరగా పోనివ్వదు. అందుకే పైన నలుపు కట్టిన గంటల తర్వాత కూడా పగులులో ఎరుపు కనిపిస్తుంది. అందుకే పూఊ ఓఓ నుంచి ఇంత దూరం, తనకి తానే కట్టుకున్న సొరంగాల్లో, దాదాపు చల్లారకుండా రాగలిగేది.

మాలో ఒకతను కర్రతో ఆ లావాని పొడవబోయాడు. ఆంటీ కర్ర పట్టుకుని ఆపేసింది. వాళ్ళకి లావా పెలె అనే దేవత శరీరం. ఆవిడ గొంతు పెంచకుండానే చెప్పింది, “మా అమ్మా నాన్నల ఇల్లు అదిగో ఆ వైపు, చాలా అడుగుల కింద ఉంది. అమ్మ ఇల్లు వదిలే ముందు ఊడ్చి, తుడిచి, పూలు పెట్టి వచ్చింది. ఇంటికి వచ్చే అతిథి ఆవిడ అనుకుంది.” ఎవరూ మాట్లాడలేదు. మా అమ్మాయి చేతిలో దారిలో ఏరుకున్న చిన్న నల్లరాయి ఉంది. తనంతట తనే కింద పెట్టేసింది. రాళ్ళు తీసుకెళ్ళకూడదన్నది పార్కు నియమం కూడా.

చీకటి పడ్డాక సముద్రంలోకి లావా దూకే చోటుకి వెళ్ళాలని అందరి ఆత్రం. ఇంకో అర మైలు. నల్లటి కొండ అంచు మీద నుంచి ఎర్రటి ధారలు, తెల్లటి ఆవిరి స్తంభం అక్కడికే కనిపిస్తున్నాయి. మామూలుగా ఇక్కడ ఈశాన్యం నుంచి గాలి వీస్తుంది, ఆవిరిని అవతలికి తోసేస్తుంది. ఆ సమయానికి గాలి పడిపోయింది. ఆ స్తంభం మా వైపు ఒరగడం మొదలైంది. గొంతులో సన్నటి మంట.

ఆ ఆవిరి వట్టి ఆవిరి కాదు. ఉప్పు నీళ్ళు అంత వేడికి మరిగి ఇగిరిపోయినప్పుడు అందులోని క్లోరైడ్లు నీటి ఆవిరితో కలిసి హైడ్రోక్లోరిక్ ఆమ్లం అవుతుంది. దానికి తోడు దుమ్ములాంటి గాజు ముక్కలు. ఆంటీ మా ముందే గాలి చూసి, “ముందుకు వచ్చే వాళ్ళు రండి, గాలి ఎక్కువైతే నేనే వెనక్కి తిప్పుతాను. వద్దనుకునే వాళ్ళని మా అబ్బాయి రోడ్డు దాకా దింపుతాడు” అంది.

మా అమ్మాయి నా చెయ్యి పట్టుకుని ముందుకి లాగుతోంది. “ఇంత దూరం వచ్చి?” అంటోంది. నిజమే, మళ్ళీ ఎప్పుడు వస్తాం? కానీ దాని తమ్ముడికి పిల్లికూతలు. నాకూ చిన్నప్పుడు ఉండేవి. దానికి ఇంతవరకూ రాలేదు, ఈ రాత్రి వస్తే ఇక్కడి నుంచి కారు అయిదు మైళ్ళు. ఫోనులో సిగ్నలు లేదు. నేను, “మనం ఇక్కడి నుంచే చూస్తాం” అన్నాను. దానికి కళ్ళలో నీళ్ళు. ఏడవనిచ్చాను. ఇంకో ఇద్దరు ఆడవాళ్ళు కూడా మాతో ఆగిపోయారు. గాలికి ఎదురుగా పక్కకి జరిగి, రాళ్ళ మీద సంచులు పరుచుకుని కూర్చుని, బైనాక్యులర్స్‌లో వంతులవారీగా చూశాం. లావా నీళ్ళలో పడ్డప్పుడల్లా ఎర్రటి ముక్కలు పైకి ఎగిరాయి. సముద్రం కింది నుంచి దీపం పెట్టినట్టు వెలిగింది. పులిహోర నలుగురం తిన్నాం. ముందుకు వెళ్ళిన వాళ్ళు ఇరవై నిమిషాల్లో దగ్గుకుంటూ వెనక్కి వచ్చారు.

తిరుగు దారిలో ఒక మైలు దాకా మా అమ్మాయి మాట్లాడలేదు. తర్వాత నెమ్మదిగా అడిగింది, “అమ్మా, గాలి మారుతుందని నీకెలా తెలిసింది?” నాకు తెలియలేదనీ, గొంతు మండితే అది ఏమిటో తెలుసనీ చెప్పాను. అక్కడి నుంచి కారు దాకా ఒకటే ప్రశ్నలు. రాత్రి పదిన్నరకి కారు తీసి హీలో చేరేసరికి అబ్బాయి నిద్రపోయాడు, ఆయన మేలుకునే ఉన్నారు. ఇద్దరి బూట్లూ చూశారు. అడుగున రబ్బరు అక్కడక్కడ నున్నగా అయిపోయింది.

ఇది రాస్తుండగా గుర్తొచ్చింది. 2016 డిసెంబరు 31న ఆ కమోకునాలోనే లావా కొత్తగా కట్టిన నేల 20 ఎకరాలకు పైగా ఒక్కసారిగా సముద్రంలోకి కూలింది. దానితో పాటు పాత కొండ అంచు కూడా నాలుగెకరాల దాకా పోయింది. ఆ రోజు హద్దు తాడు దాటి వెళ్ళిన అయిదుగుర్ని రేంజర్లు వెంటపడి వెనక్కి తెచ్చారు. పావుగంటలోపే ఆ చోటు కూలిపోయింది. కొత్త నేల చూడటానికి గట్టిగా ఉన్నా, దాని కింద ఉన్నది గులకరాళ్ళూ ఇసుకా. కాబట్టి తాడు కట్టి ఉంటే అది దాటకండి, మీ వారు ఫోటో కోసం ఎంత బతిమాలినా సరే.

ఇక మన సంగతి. మా మేష్టారు పంగిడిలో చూపించిన రాయి ఇదే జాతి, బసాల్ట్. దాదాపు 6.6 కోట్ల సంవత్సరాల కిందట పడమటి కనుమల వైపు పొంగిన లావా మహారాష్ట్రలో చాలా భాగం పరుచుకుంది, తెలంగాణలో ఆదిలాబాద్, వికారాబాద్ దాకా వచ్చింది. పత్తి పండే నల్లరేగడి చాలా వరకూ ఆ రాయి చివికిన మట్టే. అందులో ఓ పాయ సుమారు వెయ్యి కిలోమీటర్లు పారి రాజమండ్రి దగ్గర అప్పటి సముద్రం ఒడ్డుకి చేరిందని శాస్త్రజ్ఞులు చెప్తారు. అక్కడ లావా పొరల మధ్య సముద్రపు గవ్వలు దొరుకుతాయి. ఆ వేడి పుట్టిన చోటు భూమి లోపల అలాగే ఉంది, పైన మన దేశం ఉత్తరానికి జరిగిపోయింది. పొయ్యి కదలకుండా పైన పెనాన్ని జరుపుతూ పోతే ఒక్కొక్క చోట మాడినట్టు, అదే వేడి తర్వాత మారిషస్‌ని పుట్టించింది, ఇప్పుడు రీయూనియన్‌లో మండుతోంది. మారిషస్‌లో ఇది చదివే తెలుగు ఆడపడుచులు ఉంటే, మీ పెరట్లో నల్లరాయికీ మా గోదావరి నల్లరాయికీ చుట్టరికం ఉందన్నమాట.

లావా చూడాలనుకునే వాళ్ళు టిక్కెట్లు కొనే ముందూ, బయల్దేరే రోజు పొద్దునా పరిశీలన కేంద్రం వాళ్ళు రాసేది చదవండి. లావా ఇవాళ ఉన్న చోట రేపు ఉండదు. మేం ఈ డిసెంబరులో ఇండియా వెళ్తున్నాం. మా అమ్మాయి చేసిన జాబితాలో చార్మినార్ తర్వాత పంగిడి క్వారీ అని రాసి ఉంది. అమ్మకి ఈసారి ఏమీ చెప్పక్కర్లేదు. అక్కడి రాయి చల్లారి చాలా కాలమైంది.